3.4 పంచాయతీ ఎన్నికలు: ప్రభుత్వ ఇష్టం నుంచి రాజ్యాంగ బాధ్యత వరకు

గ్రామ పంచాయతీ ఎన్నికలు రాజ్యాంగ బాధ్యతగా ఎలా మారాయో, ఆ మార్పు వరంగల్ ప్రాంత పల్లెల్లో ఎలా కనిపిస్తుందో ఈ విభాగంలో తెలుసుకుందాం.

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ 1959 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అయితే ఎన్నికలను సకాలంలో జరపాలనే నిబంధన అప్పట్లో రాజ్యాంగంలో లేదు. వాయిదా వేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉండేది. 1970 తరువాత గ్రామ పంచాయతీలకు మళ్లీ 1981లో గాని ఎన్నికలు జరగలేదు.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ స్థితిని మార్చింది. దానిలోని ముఖ్యాంశాలు:

1. పంచాయతీల పదవీకాలం 5 సంవత్సరాలు. గడువు ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలి (243ఇ).
2. ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘానిది (243కె).
3. షెడ్యూల్డు కులాలు, తెగలకు జనాభా నిష్పత్తిలో, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు (243డి).

దీనికి అనుగుణంగా రాష్ట్రంలో 1994లో కొత్త చట్టం వచ్చింది. ఆ చట్టం కింద తొలి ఎన్నికలు 1995లో జరిగాయి.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 మరో అడుగు ముందుకు వేసింది. 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలయ్యాయి. పూర్వపు వరంగల్ జిల్లాలోని మహబూబాబాద్ వంటి ప్రాంతాల్లో లంబాడీ తండాలు ఎక్కువ. అంతకుముందు తండా పెద్ద గ్రామంలో ఒక భాగంగా ఉండేది. ఓట్లు తక్కువ కాబట్టి సర్పంచ్ పదవి సాధారణంగా పెద్ద ఊరికే దక్కేది. మంచినీటి పంపు కోసమైనా, దారి కోసమైనా ఆ ఊరి పెద్దలనే అడగాల్సి వచ్చేది. 2019 జనవరి ఎన్నికల్లో కొత్త పంచాయతీలుగా మారిన తండాల ప్రజలు తమ సర్పంచ్‌ను తామే ఎన్నుకున్నారు.

అయినా రాజ్యాంగంలో రాసి ఉన్నంత మాత్రాన గడువు దానంతటదే అమలు కాదు. 2019లో ఎన్నికైన పాలకవర్గాల కాలం 2024 ఫిబ్రవరిలో ముగిసింది. వెంటనే ఎన్నికలు జరగక పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలోకి వెళ్లాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు పొందాలంటే ఎన్నికైన పాలకవర్గం ఉండాలనే షరతు పెట్టారు. కాబట్టి ఎన్నిక ఆలస్యమైతే పల్లె ప్రతినిధిని మాత్రమే కాదు, నిధులనూ కోల్పోయే ప్రమాదం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 73వ సవరణకు ముందు, తరువాత పంచాయతీ ఎన్నికల నిర్వహణలో తేడా ఏమిటి?
2. మీ పంచాయతీలో గత రెండు ఎన్నికలు ఏ సంవత్సరాల్లో జరిగాయి? మధ్య వ్యవధి 5 సంవత్సరాలు దాటితే, ఆ కాలంలో పాలన ఎవరు చూశారో తెలుసుకొని రాయండి.