ఫిరంగి గుండు ఫ్యూజు గుర్తులు

ఫిరంగి గుండు ఎప్పుడు పేలాలో నిర్ణయించే పరికరాన్ని ఫ్యూజు అంటారు. సాధారణంగా దీనిని గుండు ముక్కు భాగంలో మరతో బిగిస్తారు. తయారీ సమయంలో దీనిపై అక్షరాలు, అంకెలు అచ్చు గుద్దేవారు. మొదటి ప్రపంచ యుద్ధం (1914-1918) నాటి ఫ్యూజు ఏ దేశానిదో, ఏ రకానికి చెందినదో ఈ గుర్తుల ద్వారా తెలుసుకోవచ్చు. మ్యూజియం నిర్వాహకులకు, పురావస్తు పరిశోధకులకు, పేలని గుండ్లను తొలగించే నిపుణులకు ఇవి ముఖ్యమైన ఆధారాలు.

పనిచేసే విధానం

పనిచేసే విధానాన్ని బట్టి ఆనాటి ఫ్యూజులు ప్రధానంగా మూడు రకాలు.

* తాకిడి ఫ్యూజు: గుండు నేలను గాని లక్ష్యాన్ని గాని తాకినపుడు పనిచేస్తుంది.
* కాల ఫ్యూజు: ముందుగా నిర్ణయించిన సమయానికి గాలిలోనే పనిచేస్తుంది. ఇందులో మందు నెమ్మదిగా కాలే వలయాలు ఉంటాయి.
* ద్వంద్వ ఫ్యూజు: పై రెండు విధాలుగానూ పనిచేయగలదు. ష్రాప్నెల్ గుండ్లకు దీనిని ఎక్కువగా వాడేవారు.

దేశాల వారీగా గుర్తులు

బ్రిటన్: ఫ్యూజు రకాన్ని సంఖ్యతోనూ, అందులో వచ్చిన మార్పులను రోమన్ అంకెలతోనూ సూచించేవారు. వీటితో పాటు తయారీదారు పొడి అక్షరాలు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ప్రభుత్వ ఆస్తికి చిహ్నమైన బాణపు ములుకు గుర్తు కూడా కనిపించవచ్చు. 80వ నంబరు ద్వంద్వ ఫ్యూజు వలయంపై 0 నుండి 22 వరకు విభాగాలు ఉంటాయి. 106వ నంబరు ఫ్యూజు, తాకిన వెంటనే పేలేలా చేసే రకము. ఇది 1917 నుండి ముళ్ళకంచెలను ఛేదించడానికి విరివిగా ఉపయోగపడింది.

జర్మనీ: ఫ్యూజు పేరును పొడి అక్షరాలలో వ్రాసేవారు. "డాప్. జడ్. 96" అంటే 1896 నమూనా ద్వంద్వ ఫ్యూజు అని అర్థం. "కె. జడ్. 14" అనేది 1914 నమూనా ఫిరంగి ఫ్యూజు. జర్మన్ కాల వలయాలపై చాలావరకు దూరాన్ని మీటర్లలో గుర్తించేవారు.

ఫ్రాన్స్: 22/31, 24/31, 30/55 వంటి జంట సంఖ్యలు కనిపిస్తాయి. ఇవి ఫ్యూజు వ్యాసాలను మిల్లీమీటర్లలో తెలిపే కొలతలు. వీటి పక్కన నమూనా సంవత్సరం ఉంటుంది.

పొరపాటుకు అవకాశాలు

అన్ని అంకెలూ తేదీలు కావు. బ్రిటిష్ ఫ్యూజుపై ఉన్న 80 అనే సంఖ్య 1880వ సంవత్సరాన్ని సూచించదు. అలాగే జర్మన్ ఫ్యూజుపై ఉన్న 96 నమూనా సంవత్సరమే గాని తయారైన సంవత్సరం కాదు. ఆ నమూనాను ఎన్నో ఏళ్ళ తరువాత కూడా తయారు చేశారు.

ఆకారాన్ని మాత్రమే నమ్మడం కూడా సరి కాదు. బ్రిటన్ 80వ నంబరు ఫ్యూజు, జర్మనీకి చెందిన క్రుప్ సంస్థ రూపకల్పనపై ఆధారపడినది. యుద్ధానికి ముందే విక్కర్స్ సంస్థ దాని తయారీ హక్కును పొందింది. అందువలన శత్రుదేశాల ఫ్యూజుల మధ్య పోలికలు ఏర్పడ్డాయి. యుద్ధం ముగిసిన తరువాత క్రుప్ సంస్థ రాయల్టీ కోరగా, 1926లో విక్కర్స్ 40,000 పౌండ్లు చెల్లించి ఆ వివాదాన్ని పరిష్కరించుకుంది.

ఫ్యూజును గుండు నుండి విడదీసి మరొకటి బిగించే వీలుంది. కనుక ఫ్యూజుపై ఉన్న తేదీ ఫ్యూజుకే వర్తిస్తుంది, గుండుకు కాదు. గుండు లోపల పేలుడు పదార్థం ఉన్నదా, విషవాయువు ఉన్నదా అనే విషయాన్ని కూడా ఫ్యూజు గుర్తు ఒక్కటే తేల్చలేదు.

ప్రమాదము

బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పొలాలలో దున్నేటపుడు ఇటువంటి గుండ్లు ఇప్పటికీ బయటపడుతున్నాయి. శతాబ్దం గడిచినా వాటిలోని మందు చురుకుగా ఉండవచ్చు. తుప్పు పట్టడం వలన లోపలి భాగాలు మరింత అస్థిరంగా మారతాయి. 2014 మార్చిలో బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో ఒక నిర్మాణ స్థలంలో ఆ యుద్ధకాలపు గుండు పేలి ఇద్దరు మరణించారు. అందుచేత గుర్తులను చదవడానికి మట్టిని గాని తుప్పును గాని గీకడం, ఫ్యూజును తిప్పడం, గుండును కదిలించడం చేయరాదు. దూరంగా వెళ్ళి పోలీసులకు తెలియజేయాలి. గుర్తుల అధ్యయనం, నిపుణులు నిర్వీర్యం చేసి ధ్రువీకరించిన నమూనాలపై మాత్రమే జరగాలి.