ఇంటర్వ్యూ అయ్యాక ధన్యవాద లేఖ.. పంపాలా? వద్దా?

* మర్యాదే తప్ప మార్కులు తెచ్చేది కాదు
* సంస్థ నిబంధన చూశాకే ఉత్తరం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: వృత్తివిద్యా సంస్థల్లో ప్రవేశానికి ఇంటర్వ్యూకు హాజరై వచ్చిన విద్యార్థులను ఆ వెంటనే ఒక సందేహం వేధిస్తుంది. ప్రశ్నలడిగిన ఆచార్యులకు కృతజ్ఞతలు తెలుపుతూ ఈమెయిల్ పంపాలా? పంపకపోతే సీటు చేజారుతుందా? పంపితే పైరవీ అనుకుంటారా? ఇంట్లో తొలిసారిగా పెద్ద చదువులకు వెళ్తున్నవారికి, ఇటువంటి విషయాలు చెప్పే పెద్దదిక్కు లేని పల్లెలు, తండాల విద్యార్థులకు ఈ గుబులు సహజం. నిజానికి ధన్యవాద లేఖ సీటు తెచ్చిపెట్టదు. రాయనంత మాత్రాన వచ్చే సీటు పోదు. సంస్థ అనుమతించి, చిరునామా వారే ఇచ్చిన చోట నాలుగు వాక్యాలు రాయడం మర్యాద. మిగతా చోట్ల మౌనమే మేలు.

ఇక్కడి కళాశాలల్లో ఇంటర్వ్యూలే లేవు

మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో తరగతులు ఆరంభమయ్యాయి. వీటిలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకే ప్రాతిపదిక. రాష్ట్ర కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, అఖిల భారత కోటా సీట్లను మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ కౌన్సెలింగ్ ద్వారా భర్తీ చేస్తాయి. ఇంజినీరింగ్‌కు ఈఏపీసెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్, న్యాయవిద్యకు లాసెట్ ర్యాంకులున్నాయి. ఈ కన్వీనర్ కోటా ప్రవేశాల్లో ఎక్కడా ఇంటర్వ్యూ లేదు. కాబట్టి ఎవరికీ ధన్యవాద లేఖ రాయాల్సిన పని లేదు. ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్వ్యూ ఏర్పాటు చేయిస్తామని, పెద్దలను ప్రసన్నం చేసుకోవాలని ఎవరైనా సొమ్ము అడిగితే అది మోసమేనని తల్లిదండ్రులు గ్రహించాలి.

ఐఐఎంల తీరు వేరు

ఇంటర్వ్యూ ఎదురయ్యేది ప్రధానంగా మేనేజ్‌మెంట్ విద్యలో. ఐఐఎంలు క్యాట్ స్కోరుతో అభ్యర్థులను వడపోసి ఇంటర్వ్యూకు పిలుస్తాయి. ఇంటర్ పూర్తయిన వారి కోసం ఇందౌర్ ఐఐఎం 2011లో ప్రారంభించిన ఐదేళ్ల కోర్సుకూ రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కూడా అభ్యర్థులతో ముఖాముఖి జరిపాకే ప్రవేశం ఇస్తుంది.

ఐఐఎంలలో తుది ఎంపికకు ప్రవేశ పరీక్ష స్కోరు, పది, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం, ఇంటర్వ్యూ మార్కుల వంటివి లెక్కలోకి వస్తాయి. దేనికెంత వెయిటేజీ అన్నది ప్రతి ఐఐఎం తన ప్రవేశ విధానంలో ముందే ప్రకటిస్తుంది. ఆ లెక్కల్లో ధన్యవాద లేఖకు చోటు లేదు. గది నుంచి బయటకు వచ్చేటప్పుడు ప్యానెల్ సభ్యులకు నమస్కరించి కృతజ్ఞతలు చెబితే అక్కడితో మర్యాద పూర్తయినట్లే. ఆ తర్వాత వారి పేర్లు ఆరా తీసి, ఫోన్ నంబర్లు వెతికి సందేశాలు పంపడం వికటించే ప్రమాదముంది. ఎటువంటి సిఫార్సుకు పాల్పడినా అనర్హులవుతారనే నిబంధన మన ప్రభుత్వ నియామక ప్రకటనల్లో తరచూ కనిపించేదే. సదుద్దేశంతో రాసిన ఉత్తరమైనా చదివేవారికి ఒత్తిడిగా తోచవచ్చు.

విదేశాల్లో ఎలా?

ఇంటర్వ్యూ అయిన మరుసటి రోజే ధన్యవాదాలు పంపడం అమెరికాలో ఉద్యోగార్థుల్లో పాతుకుపోయిన అలవాటు. అది బిజినెస్ స్కూళ్ల దరఖాస్తుదారులకూ పాకింది. ఈ సలహా మన విద్యార్థులకు చేరుతున్నది అక్కడి నుంచే. అయితే అక్కడా అన్ని చోట్లా ఒకే పద్ధతి లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 2012లో, ఇంటర్వ్యూ ముగిసిన 24 గంటల్లోగా అభ్యర్థి తన అభిప్రాయాలను రాసి పంపాలని తానే కోరింది. సంస్థకు రాతపూర్వకంగా ఏదైనా కావాలంటే స్వయంగా అడుగుతుందనడానికి ఇదో ఉదాహరణ.

వైద్యవిద్యలో మరింత కట్టుదిట్టం. తెలంగాణలో ఎంబీబీఎస్ చదివి అమెరికాలో రెసిడెన్సీకి వెళ్లదలచిన వారు నేషనల్ రెసిడెంట్ మ్యాచింగ్ ప్రోగ్రామ్‌లో పాల్గొంటారు. ఇంటర్వ్యూల తర్వాత అనవసరపు ఉత్తరప్రత్యుత్తరాలను తగ్గించాలని దాని ప్రవర్తనా నియమావళి ఆసుపత్రులకు సూచిస్తోంది. కొన్ని విభాగాలు ధన్యవాద లేఖలు పంపవద్దని ముందే చెబుతాయి. అక్కడ పంపితే నియమం పాటించని వారిగా మిగులుతారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న బహుళ లఘు ఇంటర్వ్యూ పద్ధతిలోనైతే అభ్యర్థి కొద్ది నిమిషాలకొకసారి ఒక్కో పరీక్షకుని ముందుకు వెళ్తాడు. మార్కులు ఎవరికి వారు విడివిడిగా వేస్తారు. అక్కడ ఒకరిద్దరికి లేఖ రాసి ఒరిగేదేమీ ఉండదు.

రాయదలిస్తే..

* ముందుగా ఇంటర్వ్యూ పిలుపు లేఖను, సంస్థ వెబ్‌సైట్‌ను చదవాలి. వద్దని ఉంటే అక్కడితో ఆపేయాలి.
* ఇంటర్వ్యూ చేసినవారు స్వయంగా చిరునామా ఇస్తేనే వారికి రాయాలి. లేకుంటే ప్రవేశాల కార్యాలయానికి ఒక్క ఈమెయిల్ చాలు.
* 24 నుంచి 48 గంటల్లోగా, ఆరేడు పంక్తులు మించకుండా పంపాలి.
* సంభాషణలో వచ్చిన ఒక్క అంశాన్ని ప్రస్తావించాలి. ఉదాహరణకు: ‘నిన్న నాకు సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు. చిన్న పట్టణాల్లో గిడ్డంగుల కొరతపై మీరడిగిన ప్రశ్న నన్ను మరింత ఆలోచింపజేసింది.’ ఇంతకు మించి అవసరం లేదు.
* సీటు ఇవ్వాలని వేడుకోవడం, కుటుంబ కష్టాలు ఏకరువు పెట్టడం, తప్పు చెప్పిన జవాబును సరిదిద్దబోవడం తగదు.
* పూలగుచ్ఛాలు, మిఠాయిలు, కానుకలు పంపరాదు. ప్రజాప్రతినిధులతో ఫోన్లు చేయించరాదు.
* జవాబు రాలేదని మళ్లీ రాయకూడదు. జవాబు రాకపోవడం సీటు రాదనడానికి సూచన కాదు.

గురువులను మరవొద్దు

కృతజ్ఞత తప్పక చెప్పాల్సిన వారు వేరే ఉన్నారు. సిఫార్సు లేఖ రాసిచ్చిన అధ్యాపకులు, మాదిరి ఇంటర్వ్యూలతో సాధన చేయించిన సీనియర్లు, దరఖాస్తు నింపడంలో సాయపడిన వారు ఆ కోవలోకి వస్తారు. వారికి రాయడానికి ఏ నిబంధనా అడ్డురాదు. ఫలితం ఎలా ఉన్నా వారికి ఆ సంగతి తెలియజేయడం ధర్మం.

ఇంటర్వ్యూ తర్వాత మిగిలిన శ్రద్ధను ధ్రువపత్రాలపై పెట్టడం శ్రేయస్కరం. ఐఐఎంల వంటి కేంద్ర సంస్థల్లో ఓబీసీ అభ్యర్థులకు నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే ఉండాలి. డిగ్రీ చివరి సంవత్సరం మార్కుల పత్రాలు, ఫీజు చెల్లింపు గడువు తేదీలు ముందే సరిచూసుకోవాలి. లేఖ రాయనందుకు ఎవరూ సీటు నిరాకరించరు. గడువులోగా పత్రం సమర్పించకపోతే మాత్రం వచ్చిన సీటూ చేజారుతుంది.