మొండి కుక్కపిల్లకు మాట నేర్పుట

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పల్లెలలో కుక్క కొత్త ప్రాణి కాదు. రాగిచేను కాచునప్పుడును, మందవెంట పోవునప్పుడును, రాత్రివేళ కళ్లములో పండుకొనునప్పుడును అది మన పెద్దలకు తోడుగా ఉండెడిది. దానికి ఎవరును కూర్చుండబెట్టి పాఠము చెప్పలేదు. అది పనిలో పుట్టి పనిలోనే పెరిగినది. నేడు పట్టణములలోని ఇండ్లకు వచ్చుచున్న చిన్నజాతి కుక్కపిల్లల సంగతి వేరు. పామెరేనియన్, డాక్స్‌హుండ్, పగ్ మున్నగునవి చేను చూడవు, మందను ఎరుగవు. అవి నాలుగు గోడల నడుమ మనతో కలసి బ్రతుకవలెను. పిల్ల వచ్చి రెండు నెలలు గడచునప్పటికి పెక్కు ఇండ్లలో ఒకే ఫిర్యాదు వినవచ్చును: "ఇది మొండిది. చెప్పిన మాట వినదు."

ఈ మాట చిన్నదిగా తోచినను దాని ఫలితము చిన్నది కాదు. మొండిదని పేరు పడిన పిల్ల మొదట దెబ్బలు తినును. పిమ్మట గొలుసునకు కట్టుబడును. నిరంతరము గొలుసున ఉన్న పిల్ల విసుగుచే మొరుగును, భయముచే కరచును. తుదకు దానిని ఏ రహదారి ప్రక్కనో విడిచివచ్చు వారును కలరు. పరుపుమీద పెరిగిన చిన్నకుక్కకు వీధిలో తిండి సంపాదించుకొను నేర్పు ఉండదు. కనుక ఆ పిల్ల నిజముగా మొండిదా, లేక మనము నేర్పిన తీరులోనే లోపమున్నదా అని ముందుగా విచారించుట మన ధర్మము.

జాతి స్వభావము

డాక్స్‌హుండ్ అను పేరునకు జర్మను భాషలో బ్యాడ్జరు కుక్క అని అర్థము. బ్యాడ్జరు నేలలో బొరియలు త్రవ్వుకొని నివసించు బలమైన జంతువు. వేటగాని కంటికి కానరాని చీకటి బొరియలో దూరి, ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక, తనంత తానే నిర్ణయించుకొని పోరాడుటకై ఈ జాతిని తరతరములుగా పెంచిరి. అట్టి కుక్క మనము పిలిచిన వెంటనే తల ఎత్తకుండుట పొగరు కాదు. అది వంశమునుండి సంక్రమించిన పట్టుదల. పామెరేనియన్ పూర్వులు ఉత్తర ఐరోపాలోని పెద్ద స్పిట్జ్ కుక్కలు. ఆకారము తగ్గినను, అలికిడి వినగానే మొరిగి హెచ్చరించు గుణము దానిలో తగ్గలేదు. మన ఊళ్లలో పామెరేనియన్ అని పిలువబడు తెల్లని కుక్కలలో అనేకము నిజమునకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. వాటి గుణమును ఇంచుమించు ఇట్టిదే. పగ్ చైనాలో ఒడిలో కూర్చుండి ముద్దులాడుటకై పెంపబడిన జాతి. పనిచేయు కుక్కకు ఉండెడి తొందర దానికి లేదు.

దీనికి తోడు మన ముద్దు ఒకటి. పెద్దకుక్క మీదికి దుమికినచో వెంటనే వారింతుము. చిన్నపిల్ల దుమికినచో నవ్వుదుము. పెద్దకుక్క గుర్రుమన్నచో భయపడుదుము. చిన్నపిల్ల గుర్రుమన్నచో చుట్టములకు చూపి మురియుదుము. ఈ విధముగా మనమే నేర్పిన దానిని మరునాడు తప్పని శిక్షింతుము.

మూడు భాషల ఇల్లు

మన ప్రాంతమునకు మరియొక విశేషము కలదు. ఇంటిలో తెలుగు, కచేరీలో తమిళము, సంతలో కన్నడము వినుచు పెరుగుట మనకు సహజము. ఇట్టి ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చినదని అనుకొనుడు. తల్లి "రా" అని పిలుచును. ఆనేకల్లు వైపునుండి కోడలుగా వచ్చిన పిన్ని "బా" అనును. పొరుగింటి బాలుడు "వా" అనును. ఈ మూడు మాటలును ఒకే దీర్ఘముతో మ్రోగునవి కనుక పిల్ల ఎట్లో పోల్చుకొనును. చిక్కంతయు తరువాతి మాటలతో వచ్చును. కూర్చుండుమనుటకు ఒకరు "కూర్చో" అనియు, ఒకరు "కూతుకో" అనియు, ఒకరు "ఉక్కారు" అనియు, కళాశాలలో చదువు అన్నయ్య "సిట్" అనియు ఆజ్ఞాపించుచుందురు. వారించుటకు వద్దు, బేడ, వేండా, నో అని నాలుగు మాటలు. ఈ నాలుగును చెవికి ఒకే విధముగా వినబడవు.

మాటలే కాదు, చట్టములును వేరు వేరు. తల్లి మంచము ఎక్కరాదనును. రాత్రి అన్నయ్య తానే ఎత్తి మంచముపై పండుకొనబెట్టును. భోజనమువేళ ఏమియు వేయరాదని తండ్రి శాసించును. అవ్వ కొంగుచాటున ముద్ద జారవిడుచును. ఇన్ని శాసనముల నడుమ ఆ పిల్ల ఏది పాటింపవలెను? దానికి మన ఇంటిలో కనబడునది క్రమము కాదు, గందరగోళము. గందరగోళములో ఏ ప్రాణియైనను తనకు తోచినది చేయును. దానికే మనము మొండితనమని పేరు పెట్టుచున్నాము.

దోషము భాషలది కాదు. జర్మనీలో రికో అను కుక్క రెండువందలకు పైగా వస్తువుల పేర్లు ఎరుగునని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అమెరికాలో చేజర్ అను కుక్కకు 1022 బొమ్మల పేర్లు నేర్పిన వృత్తాంతము 2011లో వెలువడినది. అవి రెండును బోర్డర్ కోలీ జాతివి, ఎంతో అభ్యాసము పొందినవి. మన పిల్లనుండి అంత ఆశింపరాదు. ఇంతకన్న మనకు ఆసక్తికరమైన పరిశోధన హంగేరీ రాజధాని బుడాపెస్టులో జరిగినది. మెక్సికోనుండి తన కుక్క కున్‌కున్‌తో అక్కడికి వెళ్లిన ఒక పరిశోధకురాలు, స్పానిష్ వినుచు పెరిగిన తన కుక్కకు చుట్టుప్రక్కల మాటలాడెడి హంగేరియన్ వేరుగా తోచునా అని సందేహించెను. 18 కుక్కలను కదలక పండుకొనునట్లు అలవాటు చేసి, రెండు భాషలలో ఒకే కథను వినిపించి, వాటి మెదడు పనిని యంత్రముతో పరీక్షించిరి. పరిచితమైన భాషకును, అపరిచితమైన భాషకును వాటి మెదడు వేరు వేరుగా స్పందించినట్లు 2022లో ప్రకటితమైనది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఏమి? కుక్కలకు ఇంగ్లీషులోనే ఆజ్ఞాపింపవలెనను భ్రమ అక్కరలేదు. "సిట్" అను శబ్దములో లేని మహిమ "కూర్చో" అను శబ్దములోనూ లేదు. నిత్యము ఒకే తీరున పలుకబడి, ఒకే పనితో ముడిపడిన మాటయే దానికి మాట. ఇంటివారందరు కూడి ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాట నిర్ణయించుకొని, కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. అవ్వయు, పిన్నియు, పొరుగింటి బాలుడును ఆ మాటనే వాడవలెను. ఒక మాట గట్టిపడిన పిమ్మట కావలెనన్నచో అదే పనికి కన్నడపు మాటయో తమిళపు మాటయో వేరుగా నేర్పవచ్చును. మొదటనే అన్నియు కలుపరాదు.

పాఠము ఎట్లు పట్టుబడును

1898లో అమెరికా శాస్త్రజ్ఞుడు థారన్‌డైక్ ఆకలిగొన్న పిల్లులను గడియగల పెట్టెలలో ఉంచి పరిశీలించెను. ఏ కదలికవలన తలుపు తెరచుకొని ఆహారము లభించెనో ఆ కదలికను పిల్లి క్రమక్రమముగా త్వరగా చేయసాగెను. సుఖము కలిగించిన పని మరల జరుగును, ఫలము లేని పని సన్నగిల్లును. కుక్కపిల్ల విద్యకంతయు ఇదియే పునాది. అయితే బహుమానము పని జరిగిన క్షణముననే అందవలెను. పిల్ల కూర్చుండి, లేచి, తోక ఆడించిన పిమ్మట ఇచ్చినచో లేచుటకే బహుమానము ఇచ్చినట్లగును. అందుచేత "భేష్" వంటి పొట్టిమాట ఒకటి ఏర్పరచుకొని, పని జరిగిన క్షణముననే పలికి, వెంటనే తినుబండారము అందించుట మేలు.

మొండితనమునకు మూలమైన రహస్యము వేరొకటి ఉన్నది. ఎల్లప్పుడు దొరకు ఫలముకంటె, ఒకప్పుడు దొరకి ఒకప్పుడు దొరకని ఫలము అలవాటును గట్టిపరచునని ఫెర్‌స్టరు, స్కిన్నరు అను శాస్త్రజ్ఞులు 1957లో వెలువరించిన గ్రంథములో వివరముగా నిరూపించిరి. భోజనమువేళ పిల్ల తొమ్మిదిమార్లు మొరిగినను ఊరకుండి, పదియవమారు విసుగుతో ముద్ద వేసినచో, పదిమార్లు మొరుగవలెనని మనము పాఠము చెప్పితిమి. మరునాడు అది పదునైదుమార్లు మొరుగును. ఇదియే మనము చూచు మొండితనము.

మన రైతులకు ఈ సంగతి పుస్తకములు చదువకయే తెలియును. 1824లో మత్తిగిరి పశుక్షేత్రము ఏర్పడుటకు ఎంతో పూర్వమునుండియు ఈ నేలలో పశువులను పెంచి పనికి అలవరచిన వారు కలరు. కోడెను కాడికి అలవాటు చేయు రైతు దానిని నెమ్మదైన పాత ఎద్దుతో జతపరచును. నడకకు ఒక కేక, నిలుపుటకు ఒక కేక వాడును. పూటకొక కేక మార్చడు.

నాలుగు మొదటి పాఠములు

పాఠము మూడు నుండి ఐదు నిమిషములకు మించరాదు. దినమునకు మూడు నాలుగు మార్లు, పిల్ల కొంచెము ఆకలిగా ఉన్నప్పుడు చెప్పవలెను. ఉడికించిన కోడిగ్రుడ్డు తెల్లసొన, ఉప్పు వేయని కోడిమాంసము, క్యారెట్టు వీటిలో ఏదైనను వేరుశనగ గింజలో సగమంత ముక్కలు చేసి బహుమానముగా ఉంచుకొనుడు. దినమంతయు ఇచ్చు బహుమానము మొత్తము ఆహారములో పదియవ వంతు మించరాదు.

మొదటిది పేరు. పేరు పలికినప్పుడు మీవైపు చూచినచో భేష్ అని ముక్క ఇయ్యుడు. కోపములో పేరు పలుకకుడు.

రెండవది కూర్చుండుట. ముక్కును తాకునట్లు తినుబండారము పట్టి, మెల్లగా తలపైకి వెనుకకు జరుపుడు. తల పైకెత్తగానే నడుము క్రిందికి దిగును. ఆ క్షణమున భేష్ అనుడు. పదిమార్లు చక్కగా జరిగిన పిమ్మట ముందుగా "కూర్చో" అను మాట చేర్పుడు. నడుముపై చేయి వైచి నొక్కరాదు.

మూడవది పిలువగానే వచ్చుట. మొదట రెండడుగుల దూరమునుండి, పిమ్మట గదికి ఆవలినుండి, ఆ తరువాత పెరటిలో పిలువుడు. వచ్చినప్పుడెల్ల సంతోషమే ఎదురు కావలెను. "రా" అని పిలిచి దండించినచో, స్నానమునకు ఈడ్చుకొనిపోయినచో ఆ మాట చెడిపోవును. వాహనములు తిరుగు హోసూరు వీధులలో ఈ ఒక్క మాటయే దాని ప్రాణమును కాపాడవచ్చును.

నాలుగవది శుచి. చిన్నజాతి పిల్లకు మూత్రాశయము మిక్కిలి చిన్నది. రెండు నెలల పిల్ల పగటివేళ రెండు మూడు గంటలకు మించి ఆపుకొనజాలదు. నిద్రలేచిన వెంటనే, తిన్న పిమ్మట, ఆడిన పిమ్మట ఒకే చోటికి తీసికొనిపోయి, పని ముగియగానే మెచ్చుకొనుడు. ఇంటిలో తప్పు జరిగినచో మాటలాడక శుభ్రపరచుడు. ముక్కును అందులో రాయుట అనాగరికము, నిష్ఫలము. గడచిన తప్పునకు ఇప్పటి శిక్షతో సంబంధమున్నదని అది గ్రహింపజాలదు. నీవు వచ్చినచో భయపడవలెనని మాత్రము నేర్చుకొనును.

చేతివ్రేళ్లను కొరికినప్పుడు ఆటను వెంటనే ఆపి, కొంతసేపు మొగము త్రిప్పుకొనుట చాలును. కొట్టుటవలన పిల్ల గుర్రుమనుట మానునేమో కాని భయము మానదు. గుర్రుమను హెచ్చరిక కూడ మానిన కుక్క ఒకనాడు హెచ్చరింపకయే కరచును.

దేహరక్షణ

పామెరేనియన్ వంటి చిన్నకుక్కల గొంతునాళము సుకుమారమైనది. మెడపట్టీ పట్టి లాగక ఛాతీకి కట్టు పట్టీ వాడుట మంచిది. డాక్స్‌హుండ్ వెన్ను పొడవైనది కనుక మెట్లపైనుండి, మంచముపైనుండి దుమికింపరాదు. పొట్టిముక్కు పగ్ ఎండకు తాళలేదు. కృష్ణగిరి వేసవిలో దాని పాఠములు తెల్లవారుజామున జరుగవలెను. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హానికరములు. వండిన ఎముకలు గొంతులోనో ప్రేగులోనో గ్రుచ్చుకొనును.

ఎనిమిది వారములు నిండక పూర్వము పిల్లను తల్లినుండి వేరుచేయరాదు. మూడవ వారమునుండి పండ్రెండవ వారము వరకు గల కాలము స్నేహము నేర్చుకొనుటకు ముఖ్యమైనదని స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథములో తెలిపిరి. ఆ దినములలో ముసలివారిని, పిల్లలను, గొడుగును, మోటారుబండి చప్పుడును మెల్లమెల్లగా పరిచయము చేయవలెను.

అన్నిటికంటె ముఖ్యము పిచ్చికుక్క వ్యాధి నివారణము. పిల్లకు మూడు నెలలు నిండగానే పశువైద్యుని చేత టీకా వేయించి, ఆయన చెప్పిన గడువు ప్రకారము మరల వేయించుచుండవలెను. ముద్దుకుక్కయే కదా అని కాటును, గీతను ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు మహాశయుడు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరుకు ఈ మందు ఇచ్చి కాపాడెను. మన రాష్ట్రములోని కూనూరులో 1907లోనే పాశ్చరు సంస్థ వెలసినది. లక్షణములు బయటపడిన పిమ్మట ఈ వ్యాధినుండి బ్రతుకుట మిక్కిలి అరుదు. ముందుగా టీకా పొందినచో దీనిని పూర్తిగా నివారింపవచ్చును.

విద్యార్థులారా! మీ ఇంటి పిల్లను మొండిదని తలచునప్పుడు ఒక వారము ఈ పరీక్ష చేసి చూడుడు. గోడమీది కాగితములోని మాటను ఇంటివారిలో ఎవరెవరు ఎన్నిమార్లు తప్పిరో ప్రతిరాత్రి గీతలు పెట్టుకొనుడు. కుక్కపిల్ల పేరునకును ఒక వరుస ఉంచుడు. వారము ముగియునప్పటికి ఎవరి గీతలు ఎక్కువగా ఉన్నవో చూచి, మొండివారెవరో మీరే నిర్ణయింపుడు.