తొలియేటి కొలువు

షికాగో నగరమునకు చేరువనున్న సిసెరో పట్టణములో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథార్న్ కర్మాగారమునందు, 1927వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఒక చిన్న గదిని ప్రత్యేకించి, అయిదుగురు యువతులను ఒక పొడవైన బల్లవెంట వరుసగా కూర్చుండబెట్టిరి. టెలిఫోను వ్యవస్థకు కావలసిన రిలే అను ఉపకరణమును, ముప్పదియైదు వరకు చిన్నచిన్న భాగములను ఏరి కూర్చి, నాలుగు మరలు బిగించి సిద్ధము చేయుట వారి పని. ఒక్కొక్క దానికి ఇంచుమించు ఒక నిమిషము పట్టెడిది. పూర్తియైన రిలేను చెంతనున్న గొట్టములోనికి జారవిడిచినంతనే, మెల్లగా కదలుచున్న కాగితపు పట్టీపై ఒక రంధ్రము పడెడిది. ఏ గంటలో ఎవరి చేయి వడిగా సాగెనో, ఎవరి చేయి మందగించెనో, ఆ పట్టీయే సాక్ష్యము.

పరిశోధకులు వారికి మధ్యమధ్య అయిదేసి, పదేసి నిమిషముల విరామము ఇచ్చిరి. ప్రొద్దుట ఫలహారము పెట్టించిరి. కొన్నాళ్లు సాయంకాలము అరగంట ముందుగా ఇండ్లకు పంపిరి. ఉత్పత్తి పెరిగినది. పిమ్మట ఈ సౌకర్యములన్నిటిని ఒక్కమారుగా తొలగించి పూర్వపు పనివేళలనే విధించి చూడగా, ఉత్పత్తి మునుపటి స్థాయికి దిగిపోలేదు. ఆస్ట్రేలియాలో జన్మించి హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము నెరపిన ఎల్టన్ మేయో ఈ వింతను లోకమునకు చాటెను. తమను ఒకరు పట్టించుకొనుచున్నారను భావమే ఆ యువతుల చేతులకు వడిని ఇచ్చినదను వ్యాఖ్యానము నాటినుండి పాఠ్యగ్రంథములలో స్థిరపడిపోయినది.

ఆ వ్యాఖ్యానము సగమే నిజమని నా అభిప్రాయము. ఆ గదిలో మారినవి విరామములు మాత్రమే గావు. అంతకుపూర్వము పెద్ద విభాగమంతటి ఉత్పత్తిని బట్టి లెక్కగట్టెడి వేతనమును, ఆ గదిలోని చిన్న బృందపు ఉత్పత్తినిబట్టి లెక్కగట్టసాగిరి. తన చేతి చురుకు తన జీతములో స్పష్టముగా కనబడుటకు అది చాలును. అంతేగాక, కబుర్లాడుచున్నారను కారణమున 1928 ఆరంభమున ఇద్దరిని తొలగించి, వారి స్థానములలో వేరొక ఇద్దరిని నియమించిరి. అలెక్స్ కేరీ అను విమర్శకుడు 1967లో ఈ సంగతులను బయటికి లాగి, ప్రయోగపు పునాదినే ప్రశ్నించెను.

అయినను అదే కర్మాగారమున 1931, 1932లలో పదునలుగురు పురుషులు పనిచేసిన మరియొక గదిని కూడ గమనించినవారికి ఒక సత్యము గోచరింపక మానదు. అచ్చట కార్మికులు తమలో తాము దినమునకు ఇంత పని చాలునని ఒక హద్దు ఏర్పరచుకొనిరి. దానిని దాటి చురుకుగా చేసినవానిని తోటివారు ఎకసక్కెమాడిరి, భుజముపై గ్రుద్దిరి. కర్మాగారము ఒకటే, ప్రక్కన కూర్చున్నవారి చూపు మాత్రము వేరు. కొత్తగా కొలువులో చేరిన యువకుని పనితనమును అతని మార్కుల పట్టికలో వెదకువారు ఈ రెండు గదులను తలచుకొనవలెను.

హాథార్న్ కర్మాగారమునకు మాతృసంస్థయైన ఏటీ అండ్ టీలో కొత్తగా చేరిన యువ అధికారులను కొన్నేండ్లపాటు గమనించి, డేవిడ్ బెర్లూ, డగ్లస్ హాల్ అను ఇరువురు 1966లో ఒక విశేషమును ప్రకటించిరి. తొలి సంవత్సరమున ఎవరినుండి సంస్థ ఎక్కువ పనిని, ఎక్కువ బాధ్యతను ఆశించెనో, తరువాతి యేండ్లలోను వారి పనితీరే మిన్నగా ఉండుట ఆ పరిశోధకులకు కనబడెను. "కొత్తవాడు గదా, నెమ్మదిగా నేర్చుకొననీ" అని చిల్లర పనులు అప్పగించుటలో దయ ఎంత యున్నను, తొలియేటి అలవాటు త్వరగా వదలునది గాదు.

అయితే భారము మోపి విడిచిపెట్టుటయు పొరపాటే. నా మొదటి ఉద్యోగములో ఒకనాటి సాయంకాలము చిట్టాకు, ఆవర్జాకు 270 రూపాయలు తేడా వచ్చినది. మూడుసార్లు కూడినను లెక్క పొసగక నా కండ్లు చెమర్చుచుండగా, ప్రక్క బల్లనుండి వృద్ధ గుమాస్తా ఒకరు కుర్చీ జరుపుకొని వచ్చి, "తొమ్మిదితో భాగించి చూడవోయ్, బాబూ" అనిరి. భాగింపగా శేషము లేదు. "అట్లైన అంకెలు తారుమారై యుండవచ్చును, ముందు అది వెదకు" అనిరి. 740ని నేను 470గా ఎక్కించియుంటిని. ఆయన నా బుద్ధిని గూర్చి ఒక్క మాట అనలేదు. వ్రేలు అంకెపైననే యుంచిరి.

ఆ వ్రేలు ఎచ్చట నిలుచుననుదాని ప్రాధాన్యమును శాస్త్రము తరువాత కొలిచి చూపినది. క్లూగర్, డెనిసి అనువారు ఆరువందలకు పైబడిన ఫలితములను ఏర్చి కూర్చి 1996లో పరిశీలింపగా, పనిని గూర్చి మంచిచెడ్డలు చెప్పుట సగటున మేలే చేసినను, మూడింట ఒకవంతుకు మించిన సందర్భములలో పనితనము అంతకుముందుకంటె తగ్గినది. మాట పనిమీదనుండి జారి మనిషిమీదకు పోయినకొలది దాని గుణము సన్నగిల్లుననిరి. ఆ సంవత్సరమే ఏమీ ఎడ్మండ్సన్ అను పరిశోధకురాలు, ఆసుపత్రులలోని నర్సుల బృందములను పరిశీలించి, మంచి పెద్దదిక్కు గల బృందములలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదగుచున్నవని కనుగొనెను. అచ్చట తప్పును దాచుకొనవలసిన భయము లేకుండుటయే దానికి కారణమని ఆమె వివరించెను.

కొత్తవాని పనితనము ప్రక్కవారిని బట్టి మాత్రమే యుండదు గనుక, శరీరధర్మము సంగతియు ఒక్క మాట. అమెరికా వేళలకు సరితూగునట్లు రాత్రులు మేల్కొని పనిచేయు మన హైదరాబాదు యువకులు ఎరుగదగిన ప్రయోగమొకటి 2003లో వెలువడినది. పదునాలుగు దినములు రాత్రికి ఆరేసి గంటలే నిద్రించినవారి జాగరూకత, ఒక రాత్రి బొత్తిగా నిద్రలేనివారి స్థాయికి దిగజారినది. వారికి మాత్రము తాము అంతగా దిగజారితిమని తెలియలేదు.

ఇటీవల ఇమాన్యుయేల్, హారింగ్టన్, పాలెయిస్ అను మువ్వురు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక పెద్ద సంస్థలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పరిశీలించిరి. బృందమంతయు ఒకే భవనములో నున్నచోట, తాము వ్రాసిన కోడుపై ఇంజనీర్లకు లభించిన వ్యాఖ్యలు ఎక్కువ. బృందము రెండు భవనములుగా చీలియున్నచోట తక్కువ. కోవిడ్ కాలమున కార్యాలయములు మూతపడగా ఆ వ్యత్యాసము చాలమట్టుకు అంతరించినది. దగ్గరగా నుండుటవలన అధికముగా లాభపడినది చిన్నవారే. అయితే అదే పరిశీలనలో, దగ్గరగా కూర్చున్న అనుభవజ్ఞులు తాము స్వయముగా వ్రాసిన కోడు తగ్గినది. ఆ తగ్గుదల వారి నెలసరి లెక్కలో కొరతగా కనబడును. ప్రక్కవానికి చెప్పిన మాటకు ఆ లెక్కలో గడి లేదు. ఆనాడు నాకై కుర్చీ జరుపుకొని వచ్చిన గుమాస్తాగారి బల్లమీద, ఆయన సొంత ఆవర్జా ఇంకను తెరచియే యున్నది.