గోదావరి దాటితే కేసు ఎక్కడెయ్యాలి?

ఖమ్మం నుంచి భద్రాచలం బ్రిడ్జి దాటితే కోర్టు రూల్స్ కూడా మారతాయా? మారొచ్చు!

అప్పుల దావాలు నడిచేది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం. అయితే దాని ఒకటో సెక్షన్‌లోనే ఓ మెలిక ఉంది. తూర్పు గోదావరి ఏజెన్సీ లాంటి చోట్ల అక్కడి సొంత రూల్స్‌కి ఈ కోడ్ అడ్డురాదు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలోనే ఉండేది. ఆ ఏజెన్సీకి 1924 నాటి రూల్స్ ఉన్నాయి. వాటి కింద దావాలు వినేది రెవెన్యూ అధికారులే.

ఖమ్మంలో హార్డ్‌వేర్ షాపున్న మా బాబాయ్‌కి ఏజెన్సీ పార్టీ ఒకరు 2 లక్షలు బాకీ. "కేసు ఎక్కడెయ్యాల్రా?" అన్నాడు. బిల్లు చూశా. మూడేళ్ల గడువుకి నెలే మిగిలింది!

నేను చెప్పినవి ఇవీ:

సరుకిచ్చింది, డబ్బు కట్టాల్సింది ఖమ్మంలోనే అయితే, 20వ సెక్షన్ ప్రకారం ఖమ్మంలోనే వెయ్యొచ్చు.

పరిధి లేని కోర్టులో పోయిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ మినహాయిస్తుంది. కానీ నిజాయతీగానే అక్కడికెళ్లామని మనమే చూపించాలి.

బాకీ కింద భూమి రాయించుకోవడం కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ 1970 నుంచి చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడైనా సరే. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది.

ఏజెన్సీకి అరువిస్తున్నారా? చెల్లింపు ఎక్కడో బిల్లు మీదే రాయండి. గడువు ముగిసేలోపే బాకీ ఒప్పుకుంటూ సంతకం తీసుకోండి. మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.