గడప దాటాల్సిన కుర్చీ

1655లో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టెఫాన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు తన కోసం ఒక మూడు చక్రాల బండి తయారు చేసుకున్నాడు. అతనికి కాళ్లు పనిచేయవు. కానీ పళ్లచక్రాల గుట్టు తెలిసినవాడు. చేత్తో పిడి తిప్పితే ముందు చక్రం కదిలేలా అమర్చాడు. వేరొకరు తోయకుండా మనిషి తానే నడుపుకున్న తొలి చక్రాల కుర్చీ అదేనని చెబుతారు.

ఇప్పుడు మనం చూసే రూపం 1933 నాటిది. అమెరికాలో గని ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన ఇంజినీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, అతని మిత్రుడు హారీ జెన్నింగ్స్ కలిసి ఉక్కు గొట్టాలతో, కారులో పట్టేలా మడతపడే కుర్చీ చేశారు. సీటు కింద ఇంటూ గుర్తులా రెండు గొట్టాలు, వాటి నడుమ ఒక బోల్టు. దాని కిటుకంతా అక్కడే ఉంది. మన ఆసుపత్రి వరండాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద కనిపించే మడత కుర్చీలన్నీ ఆ వంశానివే. 1972లో కాన్పూరులో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ఇలాంటి కుర్చీలను దేశంలో మారుమూల ఊళ్లకు కూడా చేర్చింది.

అయితే ఆ కుర్చీని సుమారు వంద కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. నూట ఇరవై, నూట నలభై కిలోల మనిషి కూర్చుంటే సీటు బట్ట జోలెలా దిగిపోతుంది. తొడలు నొక్కుకుపోతాయి, చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి. బోల్టు రంధ్రం క్రమంగా సాగి కుర్చీ వదులవుతుంది.

అలాంటివారి కోసం చేసే హెవీ డ్యూటీ కుర్చీ అంటే మామూలు కుర్చీని వెడల్పు చేసింది కాదు. దాని నిర్మాణమే వేరు. ఇంటూ గొట్టాలు ఒక జత బదులు రెండు జతలు ఉంటాయి. గొట్టాల మందం, స్పోకుల బలం పెరుగుతాయి. పొట్ట భాగం బరువుగా ఉన్నవారి భారం ముందుకు పడుతుంది కాబట్టి, మంచి కుర్చీల్లో వెనక ఇరుసును కాస్త ముందుకు జరుపుకునే వీలుంటుంది. లేకపోతే భారమంతా ముందు చిన్న చక్రాల మీద పడి తోయడం కష్టమవుతుంది. ఇరుసు ముందుకు జరిపితే కుర్చీ వెనక్కి వాలే ప్రమాదం ఉంది. అందుకే వెనక ఆపు చక్రాలు తప్పనిసరి.

ఈ బలాన్ని పరీక్షించడానికి, చక్రాల కుర్చీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7176 ఎనిమిదో భాగం ప్రకారం, నిర్ణీత బరువున్న బొమ్మను కూర్చోబెట్టి కుర్చీని తిరిగే డ్రమ్ముల మీద రెండు లక్షల చుట్లు నడిపిస్తారు. 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 6,666 సార్లు కింద పడేస్తారు. లేబుల్ మీది బరువుకు విలువ వచ్చేది ఈ పరీక్షలో నెగ్గితేనే. కొనేటప్పుడు ఆ సంగతి అడగాలి.

అంత బలమైన కుర్చీ కొన్నా కృష్ణా జిల్లాలో బందరులోనో, అవనిగడ్డలోనో ఇంటి ముందుకు వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. నీళ్ల భయంతో ఇక్కడి ఇళ్లకు అరుగులు ఎత్తుగా కడతారు. రెండు అడుగుల అరుగుకు, 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు చొప్పున వేస్తే 24 అడుగుల ర్యాంపు కావాలి. 120 కిలోల మనిషి, 25 కిలోల కుర్చీ కలిపి 145 కిలోలు. ఆ వాలు మీద పైకి తోయాలంటే కనీసం 12 కిలోల బరువుకు సరిపడే బలం పెట్టాలి. చోటు లేదని ర్యాంపును సగానికి కుదిస్తే అది 24 కిలోలవుతుంది. తోసే ఇల్లాలి నడుము ఎన్నాళ్లు ఆగుతుంది?

లోపలికి వచ్చాక తలుపులు. 22 అంగుళాల సీటున్న కుర్చీ మొత్తం వెడల్పు చక్రాలతో కలిపి దాదాపు 30 అంగుళాలు. రెండున్నర అడుగుల బాత్‌రూమ్ తలుపులో అది పట్టదు. సన్నని ముందు చక్రాలు గడప దగ్గర ఆగిపోతాయి. వానకు నానిన నల్లరేగడిలో, కోడూరు వైపు ఇసుకలో దిగబడతాయి. వెడల్పాటి, పెద్ద ముందు చక్రాలు, వెనక గాలి టైర్లు ఇక్కడికి నప్పుతాయి. పంచరు పడితే గుడివాడలోనైనా, నాగాయలంకలోనైనా సైకిల్ షాపు ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలికి క్రోమ్ పూత ఒక్కచోట గీసుకున్నా లోపలి ఇనుము తుప్పు పడుతుంది. వారానికోసారి మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టి, బేరింగులకు గ్రీజు పెట్టాలి. అల్యూమినియం ఫ్రేమ్ దొరికితే మేలు, కానీ దాని బరువు పరిమితి చూసే తీసుకోవాలి.

అందుకే కొనేముందు టేపు పట్టండి. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు కొలిచి ఒక అంగుళం కలపండి. పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక వరకు కొలిచి రెండు అంగుళాలు తగ్గించండి. ఇంట్లో అన్నిటికంటే ఇరుకైన తలుపు, గడప ఎత్తు, అరుగు ఎత్తు రాసుకోండి. బరువు తూచి నిజం చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. వీలైతే ఫిజియోథెరపిస్టుకు ఆ కాగితం చూపించండి. కూర్చోబోయే మనిషిని కూర్చోబెట్టి చూశాకే డబ్బు కట్టండి.