లేని ఊరికి ఒక పుట

తిరుపతి రైల్వేస్టేషనులో పాకాలకు టికెట్టు అడిగితే ఇస్తారు. రేణిగుంటకు అడిగినా ఇస్తారు. మాల్గుడికి అడిగితే మాత్రం నవ్వుతారు. ఆ పేరుగల పట్టణం ఏ రైలుమార్గంలోనూ లేదు. అయినా ఆ ఊరి స్టేషనును, బడిని, అంగడివీధిని ఎరిగిన పాఠకులు దేశదేశాల్లో ఉన్నారు. మరి, లేని ఊరికి విజ్ఞాన సర్వస్వంలో ప్రత్యేక వ్యాసం ఉండవచ్చునా?

శాస్త్రాలు, వ్యక్తులు, ప్రదేశాలు, గ్రంథాలు మొదలైన వాటి వివరాలను అకారాది క్రమంలో అందించే గ్రంథమే విజ్ఞాన సర్వస్వం. తెలుగులో ఈ మహాకార్యానికి పూనుకొన్నవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 'అ'కారంతో మొదలయ్యే విషయాలతోనే మూడు సంపుటాలు వెలువడ్డాయి. తాను తలపెట్టినది పూర్తికాకముందే 1923లో ఆయన కన్నుమూశారు. ఏది చేర్చాలి, ఏది విడవాలి అనే నిర్ణయం ఎంత బరువైనదో ఆయన కృషిని చూస్తే తెలుస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు కాగితం కొరత లేదు. కాని ఆధారం లేని వ్యాసం అక్కడ కూడా నిలవదు.

మాల్గుడి సృష్టికర్త ఆర్.కె. నారాయణ్ (1906–2001). ఆయన ఊహలో మొదట మెదిలినది ఒక చిన్న రైల్వేస్టేషను. దాని చుట్టూ ఊరు అల్లుకొన్నది. 1935లో వెలువడిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' నవలతో ఆ ఊరు పాఠకలోకానికి పరిచయమైంది. సరయూ నది, మెంపి అడవి, ఆల్బర్ట్ మిషన్ పాఠశాల దాని గుర్తులు. 'ది గైడ్'లోని రాజు కూడా ఆ ఊరివాడే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. చిత్తూరు జిల్లాలో చెరువు తవ్వుకొని, గుడి కట్టుకొని, తరతరాలుగా మనుషులు బతుకుతున్న పల్లెలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటి గురించి నాలుగు వాక్యాలైనా ఎక్కడా కనిపించవు. నిజమైన ఊరికి లేని గౌరవం ఊహలోని ఊరికి ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే రెండింటికీ కొలమానాలు వేరు. నిజమైన ఊరు ఉన్నదనడానికి జనాభా లెక్కలు, రెవెన్యూ దస్త్రాలు సాక్ష్యం. కల్పిత పట్టణానికి అటువంటి సాక్ష్యం ఉండదు. కనుక దానిని మూడు ప్రశ్నలతో పరీక్షించాలి.

మొదటిది, రచయిత కాక ఇతరులు ఆ ఊరి గురించి రాశారా? మాల్గుడి మైసూరా, లాల్గుడియా, మరొకటా అని విమర్శకులు చర్చించారు. జేమ్స్ ఫెన్నెల్లీ అనే పండితుడు నవలల్లోని వివరాలను బట్టి దానికి పటమే గీశాడు. రెండవది, అది ఒక్క పుస్తకాన్ని దాటి జీవించిందా? 1980లలో శంకర్ నాగ్ దర్శకత్వంలో వచ్చిన దూరదర్శన్ ధారావాహిక దానిని ఇంటింటికీ చేర్చింది. ఆ ధారావాహికలో కనిపించిన కర్ణాటకలోని అరసాళు స్టేషను 2020లో మాల్గుడి పేరిట ప్రదర్శనశాల అయింది. మూడవది, ఒక గ్రంథాన్ని గురించిన వ్యాసంలో ఇమడనంత సమాచారం ఉందా? అనేక నవలలకు, కథలకు విస్తరించిన ఊరు గనుక ఉంది. కాబట్టి మాల్గుడికి ప్రత్యేక వ్యాసం తగును.

ఇదే పరీక్షను 'వేయిపడగలు'లోని సుబ్బన్నపేటకు పెట్టి చూద్దాం. విశ్వనాథ సత్యనారాయణ సృష్టించిన ఆ గ్రామం నవలకు ప్రాణం. అయినా దాని కథ నవల కథతో విడదీయరానిది. కనుక నవలను గురించిన వ్యాసంలోనే దానికి చోటు కల్పించడం ఉచితం. ఇది దాని విలువను తగ్గించడం కాదు, పాఠకుడు వెదికేచోట విషయాన్ని ఉంచడం.

మిట్టూరు సంగతి మరొక విధం. తిరుపతి ప్రాంతంలోని ఈ పల్లె నిజంగా ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మిట్టూరోడి కథలు' వల్ల అది సాహిత్యంలోనూ నిలిచింది. దస్త్రాల్లోని మిట్టూరు ఒకటి, కథల్లోని మిట్టూరు మరొకటి. వ్యాసకర్త రెండింటినీ చెప్పవచ్చు. కథలో జరిగిన దానిని గ్రామ చరిత్రగా చూపరాదు.

కల్పన వేరు, అబద్ధం వేరు. 1930లలో అమెరికాలో ఒక పటాల సంస్థ, తన పనిని ఇతరులు దొంగిలిస్తే పట్టుకోవడానికి, న్యూయార్క్ రాష్ట్ర పటంలో 'అగ్లో' అనే లేని ఊరిని చేర్చింది. తరువాత పటాన్ని నమ్మి అక్కడ ఎవరో అదే పేరుతో దుకాణం తెరిచారు! నవల చదివేవాడికి అది కల్పన అని ముందే తెలుసు. పటం చూసేవాడికి ఆ సంగతి తెలియదు. అందుకే మాల్గుడి వ్యాసంలో మొదటి వాక్యమే అది కల్పిత పట్టణమని చెప్పాలి.

విద్యార్థులు ఇక్కడ గ్రహించవలసినది ఒకటుంది. ఎవరూ చూడని మాల్గుడి అందరికీ తెలియడానికి కారణం, ఒకరు దానిని శ్రద్ధగా రాశారు, మరికొందరు శ్రద్ధగా చదివారు. మన పల్లెలకు పుట లేకపోవడానికి అర్హత లోపం కారణం కాదు. రాసేవారు లేకపోవడమే కారణం. మీ ఊరి చెరువు ఎప్పటిది, గుడిలోని శాసనం ఏమి చెబుతున్నది, పాఠశాల ఏ సంవత్సరంలో మొదలైంది? పెద్దలను అడగండి, దస్త్రాలతో సరిచూడండి, తేలినంతవరకే రాయండి. మాల్గుడి పుటను తొలగిస్తే మీ ఊరికి పుట రాదు. మీరు రాస్తేనే వస్తుంది.